మందు షాంపూ సీసాపై వ్రాతలు

పుస్తకాన్ని విమర్శించటం మనకు అలవాటే. సీసాకు అంటించిన చీటీని విమర్శించటం కొత్తగా తోచవచ్చు. కాని దువ్వూరు మొదలు ప్రొద్దుటూరు దాకా మందుల దుకాణాలలో చుండ్రుకని, శోభి మచ్చలకని కీటోకొనజోల్ షాంపూ కొనేవారిలో చాలామందికి శిలీంధ్రాల గురించి దొరికే పాఠం ఆ చీటీ ఒక్కటే. పాఠం అయినప్పుడు దాని తప్పొప్పులు చూడటం సైన్సు ఉపాధ్యాయుని పని. ఏ ఒక్క కంపెనీనో ఉద్దేశించి నేను వ్రాయటం లేదు. నేను చదివిన అరడజను చీటీలలో అక్షరాల రంగులు వేరు, బొమ్మలు వేరు. లోపం మాత్రం ఒక్కటే. మందు ఎంత ఉన్నదో అవి చెపుతున్నవి. ఎంతసేపు, ఎన్నాళ్లు అనే సంగతి చాలావరకు దాటవేస్తున్నవి.

ముందు బాగున్నదాన్ని బాగున్నదనవలె. మందు పాళ్లు స్పష్టంగా అచ్చువేస్తారు. 2 శాతం అని ఉంటే నూరు మిల్లీలీటర్లలో 2 గ్రాములు, అనగా మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. హైస్కూలు విద్యార్థికి ఇది మంచి లెక్క. గడువు తేదీ, బ్యాచి సంఖ్య, పైపూతకు మాత్రమే అనే హెచ్చరిక, ఇవన్నీ ఉంటాయి. తరువాత ‘వైద్యుడు చెప్పినట్లు వాడవలెను’ అనే ఒక్క వాక్యంతో రచయిత చేతులు దులుపుకొంటాడు. ఆ వాక్యం తప్పు కాదు. కాని చీటీ పట్టుకొని వైద్యుని దగ్గరకు వెళ్లినవాడెవరు? పొరుగింటివారు వాడారని కొన్నవారే ఎక్కువ.

‘షాంపూ’ అనే మాటకు మూలం మన దేశపుదే. నొక్కటం, మర్దించటం అనే అర్థమున్న హిందీ మాట నుంచి అది ఇంగ్లీషులోకి పోయింది. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టి ఈ మర్దనకు పేరు తెచ్చాడు. మాట అటూ ఇటూ తిరిగి నురగగా మిగిలింది. చీటీల మీద బొమ్మలు కూడా నురగవే. చిక్కు ఇక్కడే ఉన్నది. కుంకుడు రసంలోని సాపోనిన్లు చేసే పని తలలోని జిడ్డును నీటిలో కలిపి తీసుకుపోవటం. ఆ పని రుద్దినంతసేపట్లో అయిపోతుంది, వెంటనే కడగవచ్చు. తరతరాలుగా మన తలంటు పద్ధతి అదే. మందు షాంపూలో నురగ చేసేది ఈ పాత పనే. మందు చేసేది వేరే పని.

ఆ పని ఏమిటో చూద్దాం. 1874లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ షార్ల్ మలసే చుండ్రు పొట్టులో కొన్ని సూక్ష్మకణాలను గుర్తించాడు. వాటికి ఆయన పేరే పెట్టి మలసీజియా అంటున్నారు. ఇవి ఎక్కడినుంచో అంటుకొనేవి కావు, దాదాపు ప్రతి మనిషి తలమీదా కాపురముండేవే. వీటిలో ఒక జాతి జన్యుపటాన్ని 2007లో ప్రచురించారు. తనకు కావలసిన క్రొవ్వు ఆమ్లాలను తానే తయారుచేసుకొనే శక్తి దానికి లేదని అందువల్ల తేలింది. కనుక అది మన చర్మంలోని తైలగ్రంథుల జిడ్డు తిని బ్రతుకుతుంది. జిడ్డును విరగగొట్టినప్పుడు వెలువడే ఓలియిక్ ఆమ్లం కొందరి చర్మానికి గిట్టదు. చర్మం ఉడుకుతుంది, పొట్టు రేగుతుంది. అదే చుండ్రు. ‘తల ఎండిపోయి పొట్టు లేస్తున్నది’ అని మన ఇళ్లలో వెంటనే నూనె దట్టంగా పట్టిస్తారు. శిలీంధ్రానికి అది అన్నం పెట్టటమే. నూనె గురించి ఏ చీటీలోనూ ఒక్క మాట లేదు. తెలుగునాట అమ్మే సీసాకు అది మొదటి పంక్తిలో ఉండవలసిన మాట.

శిలీంధ్ర కణం చుట్టూ ఉన్న పొరకు ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఆధారం. కీటోకొనజోల్ దాని తయారీలో ఒక మెట్టును ఆపుతుంది. కాస్టిక్ సోడా లాగా తాకగానే కాల్చివేసే మందు కాదు ఇది. గోడ కట్టే మేస్త్రీకి సున్నం అందకుండా చేసే మందు. అందుకే దానికి వ్యవధి కావలె. తడి తలకు పట్టించి మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచి, తరువాత బాగా కడగవలెనని వైద్యుల సూచన. చుండ్రుకు వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. తగ్గిన తరువాత తిరిగి రాకుండా వారానికో, రెండు వారాలకో ఒకసారి. పోసి వెంటనే కడిగినవాడు మందులో ఎక్కువభాగం తూము పాలు చేసి, ‘పనిచేయలేదు’ అంటాడు. రోజూ వాడినవాడు చర్మం ఎండబెట్టుకొంటాడు. నురగ ఎక్కువైతే మందు ఎక్కువ పనిచేసిందనుకోవటం కూడా పొరపాటే. మన జిల్లా బోరునీళ్లు చాలాచోట్ల కఠినజలం కనుక సబ్బు సరిగా నురగదు, షాంపూ నురుగుతుంది. అది రసాయనశాస్త్ర పాఠం. రోగం నయమవటానికి కొలత కాదు.

ఇక శోభి. చీటీలలో ఇది ఒక్క మాటగా వచ్చి పోతుంది గాని, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇక్కడే జరుగుతున్నది. కె.సి. కాలువ కింద వరి, పసుపు పండే దువ్వూరు ప్రాంతంలో ఎండకు చెమటోడ్చి పనిచేసేవారి మెడమీద, వీపుమీద, రొమ్ముమీద సన్నని పొట్టుతో తెల్లని మచ్చలు కనబడటం సామాన్యం. కారణం ఆ మలసీజియాయే. పొట్టును గీచి పొటాష్ ద్రవంలో ఉంచి మైక్రోస్కోపులో చూస్తే పొట్టి పోగులు, గుండ్రని కణాలు కలిసి కనబడతాయి. పాశ్చాత్య వైద్యులు దీన్ని స్పాగెటీ, మాంసపు ఉండలతో పోలుస్తారు. మన విద్యార్థికి సేమ్యా సగ్గుబియ్యం పాయసమంటే చాలు. కీటోకొనజోల్ షాంపూను ఆ మచ్చలపై పట్టించి కొద్ది నిమిషాలుంచి కడగటం, రోజుకొకసారి చొప్పున అయిదు రోజులదాకా, దీనికి వాడుకలో ఉన్న చికిత్స. శిలీంధ్రం అంతటితో చావవచ్చు. మచ్చ మాత్రం పోదు! అది వర్ణకానికి అడ్డుపడి చర్మాన్ని తెల్లబరచింది. ఆ రంగు మళ్లీ పుట్టటానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. పొట్టు లేవటం ఆగిందా అనేది చూడవలె గాని, రంగు వచ్చిందా అని కాదు.

ఈ ఒక్క వాక్యం చీటీలో లేకపోవటం వల్ల ఎంత క్షోభ! అయిదు రోజులు వాడినా మచ్చ పోలేదు గనుక ఇది బొల్లే అని ఇంట్లో నిర్ణయమైపోతుంది. పెళ్లికెదిగిన పిల్లకైతే ఆ మాట గడప దాటకముందే చదువు మాన్పించేదాకా పోవచ్చు. బొల్లి అంటురోగం కాదు, శాపమూ కాదు. అయినా శోభికి బొల్లి పేరు పెట్టటం ఆ పిల్లకు అన్యాయం. బొల్లి మచ్చ సాధారణంగా పాలవలె తెల్లగా, పొట్టు లేకుండా ఉంటుంది. సందేహం తీర్చవలసినవాడు చర్మవైద్యుడు, చుట్టాలు కారు.

ఇంకొందరు ‘ఇంకా గట్టి మందు’ అని స్టీరాయిడు కలిసిన పూతమందు తెచ్చుకొంటారు. అది దురదను, ఎరుపును అణచి శిలీంధ్రానికి పందిరి వేస్తుంది. కింద రోగం ప్రాకుతూనే ఉంటుంది. ఒంటిమీది తామర విషయంలో ఈ దేశం దీనికి పెద్ద మూల్యమే చెల్లించింది. కేంద్రప్రభుత్వం 2018లో అనేక స్టీరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని షెడ్యూలులో చేర్చవలసి వచ్చింది. తలకు అటువంటి మందు చాలాకాలంగా వాడుతున్నవారు షాంపూ మొదలుపెట్టి దాన్ని ఒక్కసారిగా మానరాదు; రెండు మూడు వారాలలో క్రమంగా తగ్గించవలె.

కొన్ని చీటీలలో ‘తలలోని శిలీంధ్ర వ్యాధులకు’ అని మొత్తంగా ఒక మాట కనబడింది. ఉపాధ్యాయులు ముఖ్యంగా గమనించవలసింది ఇది. చిన్నపిల్లల తలలో వచ్చే తామరలో శిలీంధ్రం వెంట్రుక లోపలే ఉంటుంది. కడిగితే పోయే జిడ్డులోని శిలీంధ్రం కాదది. దానికి గ్రిసియోఫల్విన్ వంటి మందు నోటిద్వారా వారాల తరబడి వైద్యుడు ఇవ్వవలె. షాంపూ చేయగలిగిందల్లా ఇతర పిల్లలకు అంటటాన్ని తగ్గించటమే. షాంపూతోనే కాలక్షేపం చేస్తే చీముగడ్డలై, ఆ చోట జుట్టు శాశ్వతంగా పోవచ్చు. మన ఊళ్లలో పేనుకొరుకుడు అనేది మళ్లీ వేరు. పేనుకూ దానికీ సంబంధం లేదు, శిలీంధ్రానికీ లేదు. శరీరంలోని రక్షకకణాలే వెంట్రుక కుదుళ్లపై తిరగబడటం అది. అక్కడ నున్నగా ఉంటుంది, పొట్టు ఉండదు. దానికి ఈ సీసా పనికిరాదు.

భయపడనక్కరలేనిచోట భయపడేవారూ ఉన్నారు. కీటోకొనజోల్ కాలేయాన్ని పాడుచేస్తుందని చదివి సీసా పారవేస్తారు. 2013లో అమెరికా, ఐరోపా ఔషధ సంస్థలు హెచ్చరించింది మ్రింగే మాత్రల విషయంలో. తలకు రాసి కడిగివేసే షాంపూనుంచి రక్తంలో చేరేది లెక్కకు రానంత స్వల్పం. కాని కంట్లో పడితే మండుతుంది, నీళ్లతో బాగా కడగవలె. పుండ్లమీద పోయరాదు. పసిపిల్లలకు, గర్భిణులకు వైద్యుని అడిగే వాడవలె. కొందరికి దురద, మంట ఎక్కువవుతాయి. అప్పుడు మానటమే మంచిది. సెలీనియం సల్ఫైడు షాంపూ ఇంకొక రకం. అది వాడేవారు ముందు నగలు తీసివేయవలెనన్న సలహాకు కారణం సల్ఫైడు పాఠం చదివిన పిల్లలు ఊహించగలరు.

1 ఆగస్టు 2023 నుంచి మూడువందల పేరున్న మందుల పెట్టెలపై క్యూఆర్ గుర్తు తప్పనిసరి అయింది. ఫోనుతో చూస్తే మందు పేరు, తయారీదారు, బ్యాచి, గడువు, లైసెన్సు సంఖ్య తెలుస్తాయి. నకిలీని పట్టటానికి మంచి సాధనమే. అయితే అదే గుర్తు వెనుక తెలుగులో వాడే విధానం పెట్టటానికి సాంకేతికంగా అడ్డేమున్నది? నేను చూసిన చీటీలన్నీ ఇంగ్లీషువే, అదీ చీమతలకాయంత అక్షరాలలో. కావలసిన తెలుగు ఎంతో లేదు: ‘తడి తలకు పట్టించి అయిదు నిమిషాలుంచి కడగండి. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలవరకు. నూనె తగ్గించండి. శోభికి వాడేవారు పొట్టు పోయిన తరువాత రంగుకోసం కొన్ని నెలలు ఆగండి. పిల్లల తలలో జుట్టు ఊడి పొట్టు కడితే వైద్యునికి చూపండి.’ సీసా వెనుకవైపు, ఇప్పుడు నురగలో తేలుతున్న జుట్టు బొమ్మ వేసిన చోట, ఇది సరిగ్గా పడుతుంది.