తిరగేసి చూడాల్సిన నిక్కరు

విశాఖలో ఎండెక్కకముందే సింహాచలం, కైలాసగిరి కొండదారులు పట్టే సైకిలువాళ్లు బట్టలు కొనేటప్పుడు ముందు రంగు చూడరు, నిక్కరు తిరగేస్తారు. తొడల మధ్య నాలుగు అతుకులూ ఒకేచోట ముడిపడ్డాయా, పక్కన పడేస్తారు. అక్కడ డైమండు ఆకారంలో విడిముక్క వేసి, అతుకు తడిమినా తెలియనంత పల్చగా పరిచి కుట్టిన చేతికి నా దండం. లోపలి మెత్త పిరుదుల ఎముకల కింద మందంగా, తొడల వైపు వచ్చేసరికి పల్చగా ఉండాలి. చొక్కా వెనక అంచు నాలుగు వేళ్లు పొడుగు; హ్యాండిల్ మీదికి వంగినా నడుం బయటపడదు. నూలంటే నాకు ఇష్టమేగానీ, మన సముద్రపు ఉక్కలో అది చెమట తాగి ఒంటికి అంటుకుపోతుంది. పల్చటి పాలిస్టరు అల్లిక ఆ చెమటను పైకి లాగి గాలికి ఆరబెడుతుంది. ఇక చొక్కా జిప్పు పైకొసన గోరంత బట్టమడత: గడ్డానికి గీరుకోకుండా!