పటం నుంచి తెరకు: చేర్యాల చిత్రకథనంలో డిజిటల్ సాధనాలు

చేర్యాల పటచిత్రకళలో డిజిటల్ సాధనాల వినియోగాన్ని చేతిపనికీ యంత్రానికీ మధ్య పోటీగా మాత్రమే చూస్తే సమస్య సగమే అర్థమవుతుంది. పటం గోడకు వేలాడదీసే చిత్రంగా పుట్టలేదు. కథాగానానికి ఆధారంగా పుట్టింది. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్ని పటం ఆధారంగానే వినిపిస్తారు. కాబట్టి ఈ సమ్మేళనాన్ని విలువ కట్టడానికి రేఖ, క్రమం, వాక్కు అనే మూడింటినీ ప్రమాణాలుగా గ్రహించాలి.

నకాశీ చిత్రకారులు చింతగింజల గంజి, సుద్దమట్టి, చెట్టుజిగురు పూసి బిగువెక్కించిన ఖాదీ బట్టపై కుంచెతో నేరుగా తొలిరేఖలు గీస్తారు. నేపథ్యాన్ని ఎరుపుతో నింపి, ఆకృతులకు రంగులు వేసి, చివర నల్లని రేఖతో రూపాలను తేలుస్తారు. డిజిటల్ చిత్రణలోని పొరల విధానం ఈ వరుసను సులభంగా అనుసరించగలదు. అయితే తెరమీది గీతను ఎన్నిసార్లయినా చెరిపి గీయవచ్చు. బట్టమీది తుదిరేఖకు ఆ వెసులుబాటు లేదు. ఆ రేఖలోని తెగువకు కారణం ఇదే. చేతితో గీసిన రేఖను స్కాన్ చేసి రంగులు మాత్రం కంప్యూటర్‌లో నింపితే ఈ గుణం చాలావరకు నిలుస్తుంది. రేఖను సైతం సాఫ్ట్‌వేర్‌తో నునుపు చేస్తే అది నశిస్తుంది.

డిజిటల్ రూపం నకలు కాబట్టి హీనమనే వాదం మాత్రం నిలవదు. జీర్ణించిన పటాన్ని నదిలో విడిచి, దాని స్థానంలో కొత్తది రాయించుకోవడం కథకుల ఆచారం. పునఃసృష్టి ఈ సంప్రదాయంలోనే ఉంది. అయితే కొత్త పటంలో కొత్త చేయి కనిపిస్తుంది. యాంత్రిక ప్రతిలో కనిపించదు.

అసలు నష్టం క్రమానికి సంబంధించింది. పటం పూలతీగల అంచులతో వేరైన అడ్డపట్టీలుగా పైనుంచి కిందికి సాగుతుంది. అందులోని ఒక బొమ్మను కత్తిరించి చీరమీదనో పుస్తకపు అట్టమీదనో ముద్రిస్తే కథ తొలగి అలంకారం మిగులుతుంది. ఈ మార్పు కంప్యూటర్‌తో మొదలైంది కాదు. కథకుల ఆదరణ తగ్గి, ఇంటి అలంకరణకు చిన్న పటాలు తయారైనప్పుడే దీనికి బీజం పడింది. నిజానికి వేలితో జరుపుతూ చూసే తెర, చట్రంలో బిగించిన చిత్రం కంటే పటం నడకకు దగ్గరిది. భేదమల్లా అధికారంలో ఉంది: పటం ముందు కథాగమనం కథకుడి చేతిలో ఉంటుంది, తెరమీద అది చూపరి వేలికి లోబడుతుంది.

అందుకే వాక్కు నిర్ణాయకమవుతుంది. పటాన్ని చిత్రంగా మాత్రమే డిజిటలీకరిస్తే చిత్రకారుడి శ్రమ దక్కుతుంది, కథకుడి విద్య జారిపోతుంది. ప్రతి పట్టీకి దాని గానాన్ని జోడించి, చిత్రకారుడినీ కథకుడినీ సమాన కర్తలుగా పేర్కొని, రాబడిలో ఇద్దరికీ భాగమిచ్చినప్పుడే ఆ ప్రయత్నం కళాసమ్మేళనం అవుతుంది. అంతవరకు అది పటపు బొమ్మల సేకరణ మాత్రమే.