‘లాంబ్ టు ది స్లాటర్’: ఇతివృత్తము, వ్యంగ్యము, పాత్ర

రోఆల్డ్ డాల్ (1916–1990) రచించిన ‘లాంబ్ టు ది స్లాటర్’ 1953లో హార్పర్స్ పత్రికయందు వెలువడిన చిన్న కథ. ఇందు హంతకురాలెవరో పాఠకునికి తెలియును. తెలియనిది పోలీసులకు మాత్రమే. కావున అపరాధపరిశోధనమునందలి కుతూహలము దీనికి ప్రాణము కాజాలదు. కొసమెరుపే దీని సర్వస్వమని తలచుటకు అవకాశము కలదు. ఆ కొసమెరుపు పాత్రస్వభావమునుండియే పుట్టినదని నిరూపించుట మా ఉద్దేశము.

ఇతివృత్తము స్వల్పము. ఆరునెలల గర్భవతియగు మేరీ మలోనీ, పోలీసు ఉద్యోగియగు భర్త పాట్రిక్ రాకకై వేచియుండును. అతడు వచ్చి ఒక అప్రియవార్త తెలుపును. ఆమె వంటకై తెచ్చిన గడ్డకట్టిన గొఱ్ఱెపిల్ల తొడమాంసముతోనే వెనుకనుండి అతని తలపై మోదును. అతడు మరణించును. ఆమె మాంసమును ఓవెన్‌లో నుంచి, అంగడికి పోయివచ్చి, పోలీసులకు టెలిఫోను చేయును. ఆయుధమునకై వెదకి అలసిన పోలీసులు తుదకు ఆ మాంసమునే భుజింతురు.

ఆ అప్రియవార్త యెట్టిదో రచయిత వాచ్యము చేయలేదు. ధనమిచ్చి పోషణకు లోటు రానీయనన్న మాటయు, గొడవ జరిగినచో తన ఉద్యోగమునకు మంచిది కాదన్న మాటయు మాత్రమే వినిపించినాడు. అతడు భార్యను విడిచిపోవుచున్నాడని పాఠకుడే గ్రహించవలెను. అతని హృదయకాఠిన్యమును వర్ణన కంటె ఈ మౌనమే బలముగా ధ్వనింపజేయుచున్నది.

సాధ్వియగు గృహిణి హంతకురాలగుట అనుచితమని కొందఱాక్షేపింపవచ్చును. మేము అంగీకరింపము. మేరీ స్వభావము మారలేదు. హత్యకు పూర్వము ఆమె పానీయమందించును, భోజనము చేసిపెట్టుదునని బతిమాలును. హత్యానంతరమును చేయునవి ఆ పనులే. డిటెక్టివు భార్యగనుక శిక్ష యెట్టిదో ఆమె యెఱుగును. తనకన్న గర్భస్థశిశువును గూర్చియే భయపడును. అద్దముముందు చిఱునవ్వును, కంఠస్వరమును అభ్యసించినది నిజమే. కాని తిరిగివచ్చి శవమును చూచినప్పటి దుఃఖము నటన కాదు. ప్రేమయు కపటమును ఒకేచోట నిలుచుట ఈ పాత్రయందలి విశేషము.

వ్యంగ్యమునకు మూలమిదియే. భర్త నిరాకరించిన భోజనమును, అతని పేరు చెప్పి వేడుకొనగా, అతని సహోద్యోగులు ఆరగించుచున్నారు. సార్జెంటు నూనన్‌కు ఆమెతో గల పరిచయమే అతని దృష్టికి తెరయైనది. ఆయుధము దగ్గఱనే యుండవలెనని తర్కించుచు వారు దానినే నమలుచున్నారు. ఎదురాడక వధకు నడచు గొఱ్ఱెపిల్లయను బైబిలు ఉపమానమునుండి వచ్చిన శీర్షికయు ఇచట తలక్రిందులైనది: సాధువనుకొన్నదే వధించినది, గొఱ్ఱెపిల్ల ఆయుధమైనది.

కథాంతమున పక్కగదిలో మేరీ కిలకిల నవ్వును. పాఠకుడును నవ్వును. ఆ నవ్వుతో అతడు ఆమె పక్షమున చేరిపోయినాడు. పాట్రిక్ క్రూరుడే, కాని భార్యను విడుచుటకు మరణము తగిన దండనమా? ఈ ప్రశ్నకు రచయిత ఉత్తరమీయలేదు. మన నవ్వునే సాక్ష్యముగా నిలిపినాడు. ఈ కథను బోధించువారు విద్యార్థిని ఆ నవ్వుదగ్గఱనే విడిచిపెట్టక, తాను ఏల నవ్వెనో విచారింపజేయవలెను. అప్పుడుగాని దీనియందలి వ్యంగ్యము పూర్ణముగా బోధపడదు.