దేశంలో కొండ వాటా: మన్యం, కోర్డిల్యేరా

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మూడు రోజులు గడిచాయో లేదో, 9వ తేదీన, ఫిలిప్పీన్స్‌లో బటాన్ జపాన్ సేనకు లొంగిపోయింది. ఏప్రిల్ 9 అక్కడ ఇప్పటికీ జాతీయ సెలవు, శౌర్య దినం. ఓటమి రోజును పండగ చేసుకున్న దేశం అది. మన ఏప్రిల్ 6 మాత్రం విశాఖ పెద్దవాళ్ల కబుర్లలో, ఊరు ఖాళీచేసి పల్లెలకు తరలిన ముచ్చటగా మిగిలింది. కారణం తెలుస్తూనే ఉంది. వాళ్ల మీద జపాన్ మూడేళ్లకు పైగా కూర్చుంది, మన మీదికి ఒక పూట వచ్చి పోయింది. మన నెత్తిన అప్పటికే వేరే దొరలున్నారు.

ఆ దొరలతో మనవాళ్లు తుపాకీ పట్టి చేసిన యుద్ధం తీరంలో జరగలేదు, మన్యంలో జరిగింది. ఆ కథ తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పక్కర్లేదు. 1839 చట్టంతో కొండలు ఏజెన్సీ అయ్యాయి. 1882 అడవి చట్టం వచ్చాక పోడు నేరమైంది. అంతకు ముందే, 1879లో, రంప పితూరీ లేచింది. 1922లో గూడెం కొండల్లో రోడ్డు పనికి కూలి ఎగ్గొట్టి మనుషుల్ని తోలిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పుణ్యమా అని రెండోది రాజుకుంది. ఆ ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది.

ఉత్తర లూజాన్‌లోని కోర్డిల్యేరా కొండలదీ ఇంచుమించు ఇదే దారి. స్పెయిన్ మూడు వందల ఏళ్లకు పైగా ఫిలిప్పీన్స్ మైదానాలను ఏలింది కానీ, ఇగొరోట్లు అని పిలిచే కొండవాళ్ల నేల దానికి పూర్తిగా లొంగలేదు. తర్వాత వచ్చిన అమెరికన్లు మొదట చేసిన పెద్ద పని రోడ్డే. 1903–05 మధ్య కొండ తొలిచి బాగియోకి బాట వేశారు, మద్రాసు దొరలకు ఊటీ ఎలాగో వాళ్లకు బాగియో అలాగ. 1908లో కొండలన్నిటినీ కలిపి మౌంటెన్ ప్రావిన్స్ అని విడిగా పెట్టారు. అక్కడి విడి ప్రావిన్సూ ఇక్కడి ఏజెన్సీ లాగే కొండవాళ్లను కాపాడతామనే పేరుతో పుట్టింది. కాపాడింది కొంత, కట్టడి చేసింది ఎక్కువ.

తేడా యుద్ధం దగ్గర తెలుస్తుంది. బటాన్ రక్షణలో ఇగొరోట్ సైనికులు ఉన్నారు. బటాన్ చూసి బయటపడ్డ ఫిలిపినో పాత్రికేయుడు కార్లోస్ రోములో 1943లో అమెరికాలో ‘మదర్ అమెరికా’ అనే పుస్తకం అచ్చేశాడు. ఇగొరోట్లు ఫిలిపినోలు కారు, వాళ్లకూ మాకూ చుట్టరికం లేదు అన్నది అందులో ఆయన మాట. తమ జాతి నాగరికమైనదని అమెరికన్లకు చూపించాలన్న తాపత్రయంలో కొండను గడప బయట నిలబెట్టాడు. ఆరేళ్లకు ఆయనే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకు అధ్యక్షుడయ్యాడు. కొండవాళ్లే ఎక్కువగా ఉన్న 66వ పదాతి రెజిమెంటు మాత్రం 1945 దాకా ఉత్తర లూజాన్‌లో పోరాడుతూనే ఉంది. చివరికి జనరల్ యమషితా ఆ సెప్టెంబరులో దిగివచ్చి లొంగిపోయింది ఇఫుగావో కొండల్లోని కియాంగాన్‌లో.

మన జాతీయవాదం అంత మొరటుగా తలుపు మూయలేదు. ఎదురెళ్లి కౌగిలించుకుంది. అయితే ఆ కౌగిలిలో కనిపించే ముఖం మైదానం నుంచి వచ్చిన రాజుగారిది. ఆయన దళంలోని కొండవాళ్లు గాం గంటందొర, గాం మల్లుదొర సినిమాలో పక్కన నిలబడే పాత్రలయ్యారు. శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర విశాఖ నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడన్న సంగతి ఎంతమందికి గుర్తు? అల్లూరి గొప్పదనం మీద నాకు రవ్వంత అనుమానం లేదు. కానీ జట్టును వదిలి నాయకుణ్ణే కొలిచే అలవాటు మనకు కాస్త ఎక్కువ. ఫిలిపినోలూ ఇందులో మనకు తీసిపోరు, వాళ్లకు హోసే రిజాల్ ఉన్నాడు.

జపాన్ విషయంలో ఇరువురి లెక్కా మరీ వింతగా నడిచింది. 1943 నవంబరులో టోక్యోలో జరిగిన మహా తూర్పు ఆసియా సమావేశంలో ఫిలిప్పీన్స్ తరఫున అధ్యక్షుడు హోసే లారెల్ కూర్చున్నాడు, పరిశీలకుడిగా సుభాష్ చంద్రబోస్ హాజరయ్యాడు. బోస్ మనకు నేతాజీగానే నిలిచాడు, ఆ పొత్తును గట్టిగా నిలదీసినవాళ్లు తక్కువ. కాగా లారెల్ మీద దేశద్రోహం కేసు నడిచింది, 1948లో క్షమాభిక్షతో ముగిసింది. జపాన్ సైనికుణ్ణి ఇంటి గుమ్మంలో చూసినవాళ్లకూ చూడనివాళ్లకూ తీర్పు ఒకటి కాలేదు.

యుద్ధం ముగిశాక మనీలా 1956లో జపాన్‌తో 55 కోట్ల డాలర్ల నష్టపరిహారపు ఒప్పందం చేసుకుంది. మన కొండలకు జపాన్ గిరాకీదారుగా వచ్చింది. బైలడీలా ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు కర్మాగారాలకు చేర్చడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. శివలింగపురం దాటాక ఆ లైను మీద వచ్చే స్టేషన్ టైడా. సొరంగాలు లెక్కపెడుతూ అరకు వెళ్లేవాళ్లకు అది అందాల దారి. రైలు పుట్టింది మాత్రం మనుషుల కోసం కాదు, రాయి కోసం. 1922లో రోడ్డు ఎవరి కోసమని మన్యం అడిగింది. ఈ రైలుకూ ఆ ప్రశ్న వర్తిస్తుంది.

కొండ దేశాన్ని అడిగేది జెండాలో చోటు కన్నా ముందు భూమి. ఇక్కడ నాకు రెండు పక్కలా సమానంగా ముచ్చటేస్తుంది. బాగియోలో తన నేల కోసం మాటియో కారిన్యో అనే ఇబలోయి పెద్ద వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్పెయిన్ రాకముందు నుంచీ అనుభవంలో ఉన్న నేల సర్కారుది కాదని 1909లో కోర్టు ఒప్పుకుంది. అయినా అధ్యక్షుడు మార్కోస్ కాలంలో చికో నది మీద ఆనకట్టలకు పూనుకున్నారు. ఎదిరించిన అక్కడి కళింగ తెగ పెద్ద మాక్లీయింగ్ దులాగ్‌ను 1980 ఏప్రిల్ 24న సైనికులు కాల్చి చంపారు. ఆనకట్టలు ఆగిపోయాయి, ఆ తేదీ కోర్డిల్యేరా దినమైంది. మనకు ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి 1/70 చట్టం ఉంది. టైడా ఉన్న అనంతగిరి మండలంలోనే, బొర్రా చుట్టుపక్కల, ప్రైవేటు కంపెనీలకు గని లీజులు ఇచ్చినప్పుడు సమతా సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవంది. అదే ఏడాది అక్టోబరులో ఫిలిప్పీన్స్ ఆదివాసీ హక్కుల చట్టం చేసింది. దాన్ని కొట్టేయమని వేసిన కేసులో అక్కడి న్యాయమూర్తులు ఏడుగురు అటు, ఏడుగురు ఇటు చీలడంతో చట్టం బతికింది. మన తీర్పు కోర్టు నుంచి, వాళ్ల హక్కు చట్టసభ నుంచి వచ్చాయి. నిలబడటానికి రెండూ తంటాలు పడుతూనే ఉన్నాయి.

పాలన సంగతికొస్తే పోలిక తెగిపోతుంది. స్వపరిపాలన ప్రాంతం కావాలా అని కోర్డిల్యేరా ప్రజలను 1990లోనూ 1998లోనూ ఓటు అడిగారు. మొదటిసారి ఇఫుగావో, రెండోసారి అపాయావో తప్ప మిగతా కొండ రెండుసార్లూ వద్దంది. మనీలా రాసిచ్చిన స్వపరిపాలన తమది కాదని ఆదివాసీ ఉద్యమకారులే ప్రచారం చేశారు. మన దగ్గర 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. దానికి ఓటింగేమీ జరగలేదు. జరిగి ఉంటే, పేరు దగ్గర గంటందొరకు కొన్ని ఓట్లైనా పడేవేమో.