పొగలో పోయే బలం

పాత కారు ఇంజిన్ దింపి బోరు చేయించుకోవాలనుకునే వాళ్లలో ఒక నమ్మకం గట్టిగా నాటుకుపోయింది. పికప్ కావాలంటే పొగ పరీక్ష సంగతి వదిలేయాలి, పరీక్షలో గట్టెక్కాలంటే పికప్ మీద ఆశ వదులుకోవాలి అని. ఈ నమ్మకం ఎక్కడ వినిపించినా తప్పే, జంషెడ్‌పూర్‌లోని బాగ్‌బేరాలో వినిపిస్తే మరింత బాధ కలుగుతుంది. టాటానగర్ స్టేషన్ పక్కనే, పట్టాల చప్పుడు మధ్య పెరిగిన ఊరిది. ఉత్తరాంధ్ర నుంచి రైలు ఉద్యోగాలకూ, ఉక్కు కార్ఖానాకూ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇంజిన్ కొత్త వస్తువు కాదు. ఇదే జంషెడ్‌పూర్‌లో టెల్కో 1945లో ఆవిరి రైలింజన్ల కోసం పుట్టింది, 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టింది. బొగ్గు ఇంజన్ల కాలంలో పొగగొట్టం నుంచి చిక్కటి నల్ల పొగ ఆగకుండా వస్తుంటే అది బలానికి గుర్తు కాదు, ఫైర్‌మన్ పనితనంలో లోపానికి గుర్తు. కాలకుండా పోయిన బొగ్గు ఆవిరి కాలేదు, ఆవిరి కానిది బండిని లాగలేదు. పట్టాల మీద ఆనాడే అందరికీ తెలిసిన ఈ లెక్కను రోడ్డు మీదికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోయామన్నదే నా ప్రశ్న.

పొల్యూషన్ సర్టిఫికెట్ కాగితాన్ని మనం జరిమానా తప్పించుకునే చీటీగా చూస్తున్నాం. నిజానికి దాని మీద ఉండే రెండు అంకెలు ఇంజిన్ నాడి. ఒకటి కార్బన్ మోనాక్సైడ్ శాతం, రెండోది హైడ్రోకార్బన్లు, అంటే కాలకుండా బయటపడ్డ ఇంధనం, పీపీఎంలో. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 115వ నిబంధన కింద 2004 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న పరిమితులు చూడండి. భారత్ స్టేజ్ 2 కంటే ముందు తయారైన పెట్రోలు కారుకు ఐడ్లింగ్‌లో మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం. ఆ తర్వాతి వాటికి 0.5 శాతం, 750 పీపీఎం. తర్వాత వచ్చిన భారత్ స్టేజ్ 4 బండ్లకు 0.3 శాతం, 200 పీపీఎం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి చాలకపోతే మోనాక్సైడ్ పెరుగుతుంది. మోనాక్సైడ్ తక్కువే ఉండి హైడ్రోకార్బన్లు మాత్రం ఎక్కువగా కనిపిస్తే జబ్బు వేరే చోట ఉంది: ఒక ప్లగ్గు మిస్ అవుతుండాలి, వాల్వు సరిగ్గా కూర్చోకపోతుండాలి, రింగులు అరిగి నూనె పైకి వస్తుండాలి, లేదా మిశ్రమం అంటుకోలేనంత పలచబడి ఉండాలి. ఈ లోపాల్లో ప్రతి ఒక్కటీ బలాన్ని కూడా తినేస్తుంది. యజమాని డబ్బు పెట్టి పోయించిన పెట్రోలే సైలెన్సరులోంచి వాసనగా పోతోంది. అలాంటప్పుడు పరీక్ష యంత్రం బలానికి శత్రువెలా అవుతుంది?

అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ తీసుకుని లెక్క వేద్దాం. బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. నలభై థౌ (అంగుళంలో వెయ్యో వంతు లెక్కన) పెంచి బోరు కొట్టిస్తే వ్యాసం సుమారు ఒక మిల్లీమీటరు పెరిగి ఇంజిన్ 1531 సీసీ అవుతుంది. అంటే పెరిగింది 2.8 శాతమే. పెద్ద పిస్టన్లు వేయించాను కాబట్టి బండి దూకుతుందని సంబరపడేవాళ్లు ఈ అంకె చూడాలి. బోరు చేయించాక బండి నిజంగానే దూకితే, దానికి కారణం పెరిగిన ఆ 42 సీసీ కాదు. అంతకు ముందు రింగుల పక్క నుంచి కిందికి జారిపోయిన ఒత్తిడి ఇప్పుడు జారకపోవడం. హోనింగ్ గీతలు సరైన కోణంలో పడ్డాయా, బోరును పెట్రోలుతో తుడిచి వదిలేశారా లేక వేడినీళ్లు, సబ్బుతో రుద్ది కడిగి నూనె రాశారా, పై రింగు కొసల మధ్య సందు ఈ బోరుకు తగ్గట్టు సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉందని కొలిచి చూశారా అన్నవే ఆ ఒత్తిడిని నిలబెట్టే పనులు. నీలి పొగను ఆపే పనులు కూడా ఇవే. కొత్త ఇంజిన్‌ను గంటల తరబడి ఐడ్లింగ్‌లో వదిలేసే అలవాటు ఈ రెంటినీ చెడగొడుతుంది. బరువు మోపకుండా తిప్పితే రింగులు గోడకు ఒరుసుకుని కూర్చోవు, బోరు నునుపెక్కిపోతుంది, నూనె తాగడం జీవితాంతం మిగులుతుంది.

సిలిండరు హెడ్డు దగ్గర లాభం ఇంకా ఎక్కువ. ఈ అంబాసిడర్ ఇంజిన్ చెందిన బి సిరీస్ కుటుంబాన్ని తక్కువ కంప్రెషన్ 7.2 రకంగానూ, ఎక్కువ కంప్రెషన్ 8.3 రకంగానూ చేశారు. 7.2 నుంచి 8.3కి పోవాలంటే ఒక్కో సిలిండరు పైన ఉండే ఖాళీ 60 సీసీ నుంచి 51కి తగ్గాలి. లేత్ షాపులో హెడ్డు ఎంత చెక్కాలో కంటి అంచనాతో తేల్చడం కాకుండా, బ్యూరెట్‌తో నూనె పోసి ఒక్కో చాంబరు కొలిచి, నాలుగూ సమానం చేసి చెక్కితే, సిద్ధాంతం ప్రకారం అదే పెట్రోలు నుంచి నాలుగైదు శాతం ఎక్కువ పని వస్తుంది. బోరు పెంచి తెచ్చుకున్న 2.8 శాతం కంటే ఇది పెద్దది, పైగా దీనికి అదనంగా ఒక్క చుక్క కాల్చక్కర్లేదు. నాలుగు చాంబర్లూ సమానమైతే ఐడ్లింగ్ కుదురుగా నిలబడుతుంది, హైడ్రోకార్బన్ల అంకె కిందికి దిగుతుంది. వాల్వు సీట్లను 45 డిగ్రీల దగ్గరే ఆపకుండా, పైన 30, కింద 60 కోణాలు కూడా వేస్తే గాలి సాఫీగా తిరుగుతుంది. దేశమంతా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే దొరుకుతోంది కనుక, ఆ సీసం ఇచ్చిన రక్షణ మీద బతికిన పాత ఇనుప హెడ్లకు గట్టి సీట్లు వేయించడం కూడా ఈ పనిలో భాగమే. లేకపోతే వాల్వు మెల్లగా హెడ్డులోకి దిగబడి సందు మూసుకుపోతుంది, కంప్రెషన్ పోతుంది, అంకె మళ్లీ ఎక్కుతుంది.

ఇదంతా కాగితం మీది లెక్కే అనేవాళ్ల కోసం మన రోడ్ల మీది రుజువే ఉంది. మారుతి 800లో 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ కార్బరేటరుతో 40 లోపు హార్స్‌పవర్ ఇచ్చేది. 2000లో అదే 796 సీసీకి పన్నెండు వాల్వులు, ఇంధన ఇంజెక్షన్ వచ్చేసరికి 45 అయింది. జిప్సీ కథ ఇంకా స్పష్టం. 1298 సీసీ కార్బరేటరు ఇంజిన్ 60 హార్స్‌పవర్, 2000లో పదహారు వాల్వుల ఇంజెక్షన్ రూపంలో 80. కొత్త పొగ నిబంధనలు అమల్లోకి వచ్చిన ఏడాదే, పరిమాణం పెరగకుండా మూడో వంతు బలం పెరిగింది. అది ఫ్యాక్టరీ పని, కంప్యూటరు పని, చిన్న గ్యారేజీలో మిస్త్రీకి సాధ్యం కాదంటారు. పూర్తిగా నిజం కాదు. అక్కడ మారినవి మూడు: గాలి రాకపోకలు మెరుగయ్యాయి, నిప్పు సరైన క్షణంలో పడింది, ఇంధనం కొలతగా అందింది. మొదటి రెండూ చేతిపనికి లొంగుతాయి. డిస్ట్రిబ్యూటరు లోపలి బరువులు, స్ప్రింగులు తుప్పు పట్టి బిగుసుకుపోతే ఎంత పెద్ద పిస్టను వేసినా దండగే. మూడోదాంట్లో కార్బరేటరు ఇంజెక్షన్‌తో సమానం కాలేదు, ఒప్పుకుంటాను. కానీ అరిగిన సూదితో, సాగిన జెట్టుతో నడిచే కార్బరేటరుకూ, బాగుచేసి కొలిచి అమర్చినదానికీ మధ్య దూరం కూడా చిన్నది కాదు.

గట్టి అభ్యంతరం మరొకటుంది. రేసు కార్లలో వాడే క్యామ్‌షాఫ్టు సంగతేమిటి? నిజమే, ఒకచోట బలమూ శుభ్రతా విడిపోతాయి, దాన్ని దాచడం న్యాయం కాదు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే వ్యవధి పెంచితే, ఎక్కువ వేగంలో సిలిండరు బాగా నిండుతుంది. తక్కువ వేగంలో మాత్రం కాలిన వాయువు లోపలే చిక్కుకుంటుంది, తాజా మిశ్రమం బయటికి జారుతుంది, ఐడ్లింగ్ తడబడుతుంది, హైడ్రోకార్బన్లు ఎగబాకుతాయి. అయితే ఆ బలం దొరికేది ఐదారు వేల ఆర్‌పీఎం దగ్గర. పక్కనున్న జుగ్సలాయి రద్దీలో ఆగి మళ్లీ కదలాల్సిన బండికి కావలసింది పదిహేను వందల నుంచి మూడు వేల మధ్య లాగే గుణం. రేసు క్యామ్ సరిగ్గా ఆ గుణాన్నే తీసేస్తుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే అవుతుంది. మన రోడ్డుకు కావలసిన బలం, పరీక్ష అడిగే శుభ్రత ఒకే వైపున ఉన్నాయి. పెద్ద జెట్టు సంగతీ ఇంతే. పూర్తి బలానికి మిశ్రమం కొంచెం చిక్కగా, పన్నెండున్నర, పదమూడు దగ్గర ఉండాలన్నది వాస్తవం. అది యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు. ఐడ్లింగ్‌కు, పూర్తి తొక్కుడుకు వేర్వేరు జెట్లున్న కార్బరేటరులో ఒకదాని చిక్కదనం రెండోదానికి అంటాల్సిన పని లేదు.

ఇక్కడే పరీక్ష బలహీనత బయటపడుతుంది. మనది ఐడ్లింగ్ పరీక్ష. పొద్దున మిక్స్చర్ స్క్రూ బిగించి, కాస్త ఐడ్లింగ్ పెంచి సర్టిఫికెట్ తెచ్చుకుని, సాయంత్రానికి మళ్లీ విప్పేసుకోవచ్చు. పైగా పాత బండ్లకు నైట్రోజన్ ఆక్సైడ్లను ఈ పరీక్ష కొలవనే కొలవదు. కంప్రెషన్ పెంచినా, టైమింగ్ ముందుకు జరిపినా మంట వేడి పెరుగుతుంది, ఆ వాయువులు పెరుగుతాయి. నేను మెచ్చుకున్న పని కూడా ఈ దోషం నుంచి తప్పించుకోలేదు. అందువల్ల పరీక్ష తేలిక కనుక ఏం చేసినా చెల్లుతుందని కాదు నా వాదన. పరీక్ష తేలిక కనుకే బలం కోసం దాన్ని మోసం చేయాల్సిన అవసరం అస్సలు లేదని. టైమింగ్‌ను నాకింగ్ అంచు దాకా తోయకుండా రెండు మూడు డిగ్రీలు వెనక్కి ఆపితే పోయే బలం చేతికి తెలియనంత, తగ్గే వేడి మాత్రం చెప్పుకోదగ్గంత. మరి సైలెన్సరులో కెటలిటిక్ కన్వర్టరు ఉన్న తర్వాతి తరం బండ్ల విషయంలో, దాన్ని పీకించి బలం పెరిగిందనుకోవడం కంటే పెద్ద పొరపాటు లేదు. మూసుకుపోయిన కన్వర్టరు అడ్డమే, కానీ అది మూసుకుపోయేది సాధారణంగా పైనున్న ఇంజిన్ నూనె తాగడం వల్ల, మిస్ అవడం వల్ల. ముందు ఇంజిన్ బాగుచేయాలి, ఆ తర్వాత మంచి కన్వర్టరు పెట్టాలి.

చుట్టూ ఉక్కు కార్ఖానాలు, ఆదిత్యపూర్ పరిశ్రమలు, బారులు తీరిన లారీలు ఉండగా ఒక పాత కారు పొగ ఎంతని అడిగేవాళ్లున్నారు. పరిమాణంలో చాలా తక్కువే. కానీ కార్ఖానా చిమ్నీ ఆకాశంలోకి వదులుతుంది, సైలెన్సరు పసివాడి ముఖం ఎత్తులో వదులుతుంది. ఇళ్లు ఇరుకుగా ఉన్న గల్లీలో చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నిలబెట్టిన బండి మోనాక్సైడ్ ఆ గల్లీ వాళ్ల ఊపిరిలోకే పోతుంది. పెద్దవాడు చేస్తున్నాడని చిన్నవాడి వంతు మాఫీ కాదు.

చట్టం గురించి కొంచెమే చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. అందుకే ఇంజిన్ మార్చేవాళ్లు రవాణా శాఖ అనుమతి తీసుకోవాల్సిందే. కాలిఫోర్నియాలో ఇలాంటి వాళ్లకు ఒక దారి వేశారు: పెట్టే ఇంజిన్ బండి తయారైన ఏడాదిదో అంతకంటే కొత్తదో అయి ఉండాలి, దాని కాలుష్య పరికరాలన్నీ వెంట రావాలి, పొగ పరీక్షల రెఫరీ చూసి ఒప్పుకోవాలి. అంటే మార్పు ఎప్పుడూ శుభ్రత వైపే జరగాలి. మనకూ ఇలాంటి స్పష్టమైన దారి ఉంటే దొంగచాటు పనులు తగ్గుతాయి. పాత ఇంజిన్ శుభ్రపడదన్న వాదనకు 1973లోనే హోండా జవాబిచ్చింది. షెవర్లే ఇంపాలాలోని 5.7 లీటర్ల వీ8కు తన సీవీసీసీ పద్ధతి హెడ్లు వేసి, కన్వర్టరు లేకుండానే 1975 అమెరికా ప్రమాణాలను దాటించింది. బ్లాకు పాతదే, మారింది మంట తీరు.

ఇప్పుడు ఇంజిన్ విప్పేవాళ్లకు ఒక కొత్త లెక్క కూడా ఉంది. బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దీనికి కావలసిన గాలి 14.7 కాదు, సుమారు 13.5. పాత జెట్టుతో అదే మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. మోనాక్సైడ్ అంకె చూడ్డానికి బాగుంటుంది, బండి మాత్రం యాక్సిలరేటరు తొక్కగానే తడబడుతుంది. జెట్టు రంధ్రం వ్యాసం నాలుగు శాతం పెంచితే వైశాల్యం ఎనిమిది శాతం పెరిగి లెక్క సరిపోతుంది. పంపులోని డయాఫ్రమ్, గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరువి కావాలి. బదులుగా ఈ ఇంధనం 95 ఆక్టేన్ ఇస్తోంది. నాకింగ్ భయంతో 7.2 దగ్గర ఆగిపోయిన పాత ఇంజిన్‌ను 8.3కి తీసుకెళ్లడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. అలా చేయించేవాళ్లు మిస్త్రీని ఒక్కటి అడగాలి. ఇంజిన్ దింపకముందు ఒకసారి, వెయ్యి కిలోమీటర్లు నడిచాక ఒకసారి, ఐడ్లింగ్‌లోనూ రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గరా గ్యాస్ ఎనలైజర్ రీడింగు తీయించి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెల పక్కనే ఆ రెండు అంకెలూ బిల్లు మీద రాసివ్వమని.