వంకర కాళ్లను దిద్దు విద్య

పుదుచ్చేరినుండి విల్లుపురము పోవు బాటలో, తిరుకామీశ్వరుని కోవెలకును లూర్దుమాత దేవాలయమునకును ప్రసిద్ధిగన్న విల్లియనూరు దాటగానే అరియూరులో నొకటి, ఆపై మదగడిపట్టులో నొకటి వైద్యకళాశాలలు కానవచ్చును. 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్యపాఠశాలకు వారసత్వము వహించిన జిప్మెర్ కూడ ఇచ్చటికి దూరము కాదు. యానాము ఈ పుదుచ్చేరి పాలనలోనిదే యగుటచే గోదావరి తీరపు తెలుగువారికిని ఈ సీమ పరాయిది కాదు. ఇన్ని కళాశాలలు దగ్గరదగ్గరగా వెలసిన ఇట్టి తావున ఎముకల వైద్యము నభ్యసించు యువకుల చేతికి ఏ విద్య నేర్పవలెనని నన్నడిగినచో, వంకర తిరిగిన కాళ్లను చక్కజేయు విద్యను ముందుగా పేర్కొందును. ఏలయన, విరిగిన ఎముకను కూర్చుట ప్రతి పెద్దాసుపత్రిలోను నిత్యకృత్యము గావున చూచిచూచి నేర్వవచ్చును. వంకరను దిద్దు సందర్భము అరుదుగా వచ్చును, వచ్చినపుడు తప్పునకు తావీయదు.

చేసి నేర్చుకొను పద్ధతి మనకు క్రొత్త కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయము ఈ అభ్యాసమును గూర్చియే కలదు. ఛేదనమును గుమ్మడి, సొర, దోసకాయల మీదను, భేదనమును నీరునింపిన తోలుతిత్తుల మీదను, సిరావేధమును చచ్చిన పశువుల సిరలమీదను తామరతూండ్ల మీదను, కట్టుకట్టుటను గుడ్డతో చేసిన మనుష్యాకృతి మీదను అలవరచుకొనుమని ఆచార్యుడు విధించెను. శాస్త్రమంతయు చదివినవాడైనను ఈ అభ్యాసము లేనిచో చికిత్సకు అర్హుడు కాడని తేల్చెను. నేటి శిక్షణశాలలో సొరకాయ స్థానమున ప్లాస్టిక్ ఎముక వచ్చినది. కావలెననియే వంకరగా పోతపోసిన తొడయెముకయు జంఘాస్థియు బల్లకు బిగించియుండును. ప్రక్కన డ్రిల్లు, ఉలి, సుత్తి, తీగలు, రింగులు, స్పానర్లు పేర్చియుండును. అయినను వానిని ముట్టుటకు ముందు చేతబట్టవలసినవి పెన్సిలు, కొలబద్ద, కోణమానిని, ట్రేసింగు కాగితము.

రోగిని నిలువబెట్టి, మోకాలిచిప్ప సూటిగా ముందునకు చూచునట్లు కాలిని నిలిపి, తుంటినుండి చీలమండవరకు ఒక్క బొమ్మగా తీసిన ఎక్స్‌రేపై తుంటికీలు కేంద్రమునుండి చీలమండ కేంద్రమునకు గీత గీయుదురు. చక్కని కాలిలో ఆ గీత మోకాలి నడిమికి కొద్ది మిల్లీమీటర్లు లోపలివైపుగా పోవును. దొడ్డికాలిలో ఇంకను లోపలికి, మోకాళ్లు ఒరసికొను కాలిలో వెలుపలికి తొలగును. అంతమాత్రమున దోషమున్నదని తెలిసినదే గాని, అది ఏ ఎముకలోనిదో తెలియలేదు. మోకాలివద్ద రెండెముకలకును కీలురేఖలు గీచి, తొడయెముకయందు వెలుపలి కోణమును, జంఘాస్థియందు లోపలి కోణమును కొలువవలెను. రెండును సుమారు 87 డిగ్రీలుండుట సహజము, 85 మొదలు 90 వరకు దోషము కాదు. ఏ కోణము ఆ మేర తప్పెనో దిద్దవలసినది ఆ ఎముకనే. పిదప వంకరకు పైభాగపు అక్షమును క్రిందికిని, క్రిందిభాగపు అక్షమును పైకిని పొడిగింపగా అవి ఖండించుకొను బిందువే వంకరకు కేంద్రము. బాల్టిమోరు నగరమున పనిచేసిన డ్రోర్ పేలీ ఈ రేఖాగణితమును క్రమబద్ధము చేసి 2002లో ఉద్గ్రంథముగా వెలువరించెను.

వంకర దిద్దుటకై ఎముకను కోయు కోతయు, ఎముక మడత తిరుగు కీలును ఆ బిందువునందే యున్నచో ఎముక తిన్నగా నిలుచును. కీలు నచ్చటనే యుంచి కోతను మాత్రము వేఱొకచోట పెట్టినచో ముక్కలు కొంత ప్రక్కకు జరుగును గాని అక్షములు రెండును ఒక్క రేఖలోనికే వచ్చును. కీలును కోతయు రెండును బిందువును విడిచినచో మాత్రము, కోణము సరిపడినట్లు కనబడియు, అక్షములు సమాంతరములై ఎన్నటికిని కలియక నిలిచిపోవును. పాతవంకర పోయి క్రొత్తవంకర వచ్చినదన్నమాట. ఈ సంగతి నోటితో చెప్పినపుడు తలయూపి ఊరకుండువారు, కాగితపుటెముకను కత్తెరతో కత్తిరించి తామే త్రిప్పిచూచినపుడు ఉలికిపడుదురు. నేడు కంప్యూటరు ఈ గీతలన్నిటిని క్షణములో గీచిపెట్టుచున్నను కత్తెరను కాగితమును శిక్షణనుండి తొలగింపరాదని నా దృఢాభిప్రాయము. యంత్రము చూపిన బిందువు తప్పైనపుడు పసిగట్టుటకు స్వయముగా గీచిన కన్ను కావలెను.

ఇక లోహపు పని. సైబీరియాయందలి కుర్గాన్ సీమలో గవ్రీల్ ఇలిజారోవ్ 1951 నాటికి రూపొందించిన రింగుల సాధనమే దీనికి మూలము. మోటారుసైకిలు ప్రమాదమున కాలు చితికిన ఒలింపిక్ హైజంపు వీరుడు వలేరీ బ్రూమెల్‌కు 1968లో చేసిన చికిత్సచే సోవియట్ దేశమునను, ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరికి 1980లో చేసిన చికిత్సచే పశ్చిమ దేశములందును ఆయన పేరు వ్యాపించెను. కోసిన ఎముక కొనలను మెల్లమెల్లగా ఎడము చేసినచో ఆ సందున క్రొత్త ఎముక పుట్టును. దినమునకు అర మిల్లీమీటరైనచో సందు ముందే గట్టిపడవచ్చును, రెండైనచో కండలు నరములు ఓర్వవు. ఒక మిల్లీమీటరు, అదియు కొద్దికొద్దిగా, మేలని కుక్కలపై చేసిన ప్రయోగములవలన ఆయన తేల్చెను.

రింగులకు బిగించు తీగను ఎముకగుండ దించుటలోనే ఎంత నేర్పున్నదో చూడుడు. డ్రిల్లు తిరుగునపుడు తీగను తడిగుడ్డతో పట్టుకొనవలెను, లేనిచో వేడిమికి ఎముక మాడి తీగ వదులగును. ఆవలి గోడ దాటినవెంటనే డ్రిల్లు నాపి సుత్తితో తట్టి తీగను వెలికి రప్పింపవలెను, త్రిప్పుచునే యుండినచో నరమో రక్తనాళమో చుట్టుకొనును. తొడ ముందరి కండలోనికి దించునపుడు మోకాలు వంచియు, వెనుకటి కండలోనికైనచో చాచియు ఉంచవలెను. కండ సాగియున్నపుడు గ్రుచ్చినగాని తరువాత కీలు స్వేచ్ఛగా ఆడదు. తీగ రింగునకు అందకున్నచో తీగను వంచి లాగరాదు, వాషర్లు పేర్చి బిగింపునే తీగవద్దకు తేవలెను. వంచినతీగను నూరు కిలోలు మించిన బిగువుతో లాగినపుడు, అది తిన్ననగుచు ఎముకను తనతో ప్రక్కకు లాగుకొనిపోవును. బల్లమీది ఎముక కదలుట కన్నులార చూచినవాడు ఆ పని మఱల చేయడు.

ప్లాస్టిక్ ఎముకకు లోపమును గలదు. దానికి నరము లేదు. మోకాలిక్రింద ప్రక్కయెముక మెడను చుట్టివచ్చు నరము, మోకాళ్లు ఒరసికొను కాళ్లను ఒక్కపెట్టున తిన్నజేసినచో సాగి దెబ్బతిని, పాదము వ్రేలాడబడును. కావున బల్లపని పిదప మృతదేహముపై అభ్యాసము, ఆపై గురువు చెంత నిలిచి సాయపడుట తప్పవు.

తెలుగునాట ఈ విద్యకు గల అక్కఱ తీవ్రమైనది. నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు చెడుటను 1937లో నెల్లూరు సీమనుండియే వైద్యులు లోకమునకు తెలిపిరి. నల్లగొండ పల్లెలలో యువకుల మోకాళ్లు ఒరసికొనుటను గూర్చి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు 1973లో లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. మంచినీటి సరఫరా ఈ వ్యాధిని నివారింపగలదు గాని, అప్పటికే వంగిన ఎముకను తిన్నజేయజాలదు. ఎదుగు వయసు బిడ్డలకైనచో ఎదుగుదల పొర కొకప్రక్క చిన్న పలకను రెండు స్క్రూలతో బిగించి, ఎదుగుటచేతనే వంకర తీరునట్లు చేయవచ్చును. ఆ సులభమార్గము వయసు దాటిన పిదప మూతబడును; ఇది బడిపంతుళ్లకును తెలియవలసిన సంగతి.

రింగులను కలుపు మరకడ్డీపై నట్టు త్రిప్పుటయు శిక్షణలోనిదే. కడ్డీమర ఒక చుట్టు తిరిగిన ఒక మిల్లీమీటరు జరుగును. పావుచుట్టు చొప్పున దినమునకు నాలుగుమారులు త్రిప్పుదురు. వంకర విప్పునపుడు సరూప త్రిభుజముల లెక్క వచ్చును: కీలునుండి ఎముక అంచు మూడు సెంటీమీటర్ల దూరమునను కడ్డీ తొమ్మిది సెంటీమీటర్ల దూరమునను ఉన్నచో, ఎముకయొద్ద ఒక మిల్లీమీటరు తెఱచుటకు కడ్డీని మూడు జరుపవలెను. ఇంటికి పోయిన పిదప ఈ నట్టును త్రిప్పునది తల్లియో, భార్యయో, రోగి తానో. అందుచే బల్లయొద్ద లెక్కకట్టిన యువకుడు నట్టుపై రంగుచుక్క పెట్టి, ప్రక్కవానిని రోగి తల్లిగా భావించి, యానామునుండి వచ్చినదైన తెలుగున, విల్లియనూరుదైన తమిళమున, ఎటు ఎంత త్రిప్పవలెనో తెలియజెప్పి, ఆ చేతులతో ఒకమారు త్రిప్పించి చూడవలెను.