పిసల్‌బండ గచ్చు పూలు

ఫాల్గుణం వచ్చేసరికి బాలాపూర్ దారుల్లో మామిడి పూత మీద ఉంటుంది, మోదుగులు ఎర్రబడతాయి. ఆ రోజుల్లోనే చూడదగ్గ తోట ఒకటి దగ్గర్లో ఉంది. సంతోష్‌నగర్ వైపు, ఒవైసీ ఆస్పత్రి దాటాక వచ్చే పిసల్‌బండలోని పైగా సమాధులు. అక్కడి పూలన్నీ సున్నంతో చేసినవి.

నిజాం తర్వాత అంతటి ప్రాభవం పైగా ప్రభువులది. ఆ వంశపు తొలి అమీర్ తేగ్ జంగ్ సమాధి 18వ శతాబ్దం చివరిది. తర్వాతి తరాలవాళ్ళు మండపాలు, జాలీలు చేర్చుకుంటూ వచ్చారు. ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రా కూడా ఈ ఇంటివాడే. నన్నడిగితే ఆ ప్యాలెస్ వైభవమంతా ఒక ఎత్తు, ఇక్కడి గచ్చు పని ఒక్కటీ ఒక ఎత్తు.

గచ్చు పనివాడికి తొందర పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు. గానుగలో ఆడించిన సున్నంలో సన్న ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలపడం పాత మేస్త్రీల పద్ధతి. శిల్పి రాతిని తొలగిస్తూ రూపం తెస్తాడు. గచ్చు మేస్త్రీ పొర మీద పొర పెంచుతూ తెస్తాడు. కింది పొర పూర్తిగా ఆరిపోతే పైది పట్టదు, మరీ పచ్చిగా ఉంటే రేక జారిపోతుంది. ఆ నడిమి వేళలోనే తాపీ మొన తీగను వంచాలి, మొగ్గను నిలపాలి. ఆ తర్వాత సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా మళ్ళీ రాయవుతుంది.

కమానుల మీద పూలు, తీగలు, పూలకుండీలు, పండ్లు కనిపిస్తాయి. దగ్గరికెళ్ళి ఒక్క పువ్వునే చూడండి. రంగు లేని గోడ మీద రేకను రేకగా చూపేది దాని పక్కన పడే నీడ. ఎంత ఎత్తు లేపితే ఎంత నీడ పడుతుందో లెక్క తెలిసిన చెయ్యి అది. జాలీల్లోనూ అంతే: ఒకచోట నక్షత్రాల అల్లిక, మరోచోట పూల అల్లిక. వెలుతురు వాటిలోంచి దూరి సమాధుల మీద మరో ముగ్గు వేస్తుంది.

ఇలాంటి పనికి సిమెంటు పూత శత్రువు. లోపలి తేమను బయటికి పోనివ్వదు, పాత సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. పదే పదే వేసిన వెల్ల కూడా రేకుల మధ్య సందులను పూడ్చేస్తుంది. 2023లో అమెరికా రాయబారుల నిధి నుంచి రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించి, ఆరు సమాధుల మరమ్మతును ఆగాఖాన్ ట్రస్టుకు అప్పగించడం మంచి పని.

వెళ్ళేవాళ్ళు నడిమధ్యాహ్నం వెళ్ళకండి, ఎండ నిలువుగా పడితే పువ్వులు చదునుగా కనిపిస్తాయి. పొద్దున్నే ఏటవాలు ఎండలో చూడండి. పిల్లల్ని తీసుకెళ్ళండి, గోడల మీద మాత్రం చెయ్యి వేయనివ్వకండి.